సరుకు గొప్పదా, మోసేది గొప్పదా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 ముందు వరుసల్లో పెద్ద బ్యాచ్‌ల అన్నలు, అక్కలు కూర్చున్నారు, వెనక బెంచీల్లో నా 1994 బ్యాచ్ మిత్రులు కూర్చున్నారు. ముప్పై ఏళ్లు దాటినా మనవాళ్లు వెనక బెంచీ వదల్లేదు. సంతోషం.

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు మందుల కంపెనీలో ఏదో నానో పని చేస్తావట కదా, అదేంటో మన భాషలో ఓ అరగంట చెప్పు, అమ్మలకు కూడా అర్థం కావాలి" అన్నారు. సరే అన్నాను గానీ ఫోన్ పెట్టేశాక భయం వేసింది. పరాయి దేశంలో మాట్లాడాను, హైదరాబాదులో మాట్లాడాను. మా మాస్టారు ముందు కూర్చుంటే మాట్లాడడం వేరు. తప్పు చెబితే ఇప్పుడు కూడా లేపి నిలబెడతారు.

అందుకని ఆయన దగ్గరే మొదలుపెడతాను. తొమ్మిదో తరగతిలో సైన్సు మాస్టారు ఒకరోజు బల్ల మీద మూడు వస్తువులు పెట్టారు. అడ్డాకు డొప్ప ఒకటి, సొరకాయ బుర్ర ఒకటి, గాజు సీసా ఒకటి. మూడింటిలోనూ తేనె. "వీటిలో ఏది మంచిదిరా?" అని అడిగారు. అందరం సీసా అన్నాం. "అయితే ఈ సీసా పట్టుకుని వానాకాలంలో కిన్నెరసాని దాటి రా, చూస్తాను" అన్నారు. అప్పుడు కొందరం బుర్ర అన్నాం. "పెళ్లిలో రెండొందల మందికి వడ్డించాలి. ఇన్ని బుర్రలు ఎక్కడ తెస్తావు?" అన్నారు. చివరికి ఆయన చెప్పింది ఒక్కటే. "ఏది మంచిది అని ఊరికే అడగకూడదు. ఏ సరుకు, ఎక్కడికి, ఏ దారిన అని అడగాలి."

నేను ఇరవై ఏళ్లుగా చేస్తున్న ఉద్యోగం ఇదే. నా డొప్పలు, బుర్రలు, సీసాలు కంటికి కనబడవు. అంతే తేడా.

సరుకు సంగతి ముందు చెబుతాను. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలో ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. అది డీఎన్‌ఏ. ఆ పుస్తకం లోపలి గది దాటి బయటికి రాదు. ఏదైనా ప్రోటీన్ తయారు కావాలంటే కావలసిన పేజీ మాత్రం ఒక చీటీ మీద ఎక్కించి బయటికి పంపుతారు. ఆ చీటీయే ఎంఆర్‌ఎన్‌ఏ. చీటీ చదివి ప్రోటీన్ తయారుచేసే యంత్రాలు రైబోజోములు. పని అయ్యాక చీటీ చిరిగిపోతుంది. ఈ చీటీని మనమే రాసి కణానికి అందిస్తే, కణమే మనకు కావలసిన మందు తయారుచేస్తుంది. కోవిడ్ సమయంలో వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల కిటుకు ఇంతే. వైరస్ మీద ఉండే ముల్లు ఎలా ఉంటుందో చీటీలో రాసి పంపారు. ఒళ్లు ఆ ముల్లు తయారుచేసి, దాన్ని చూసి పోరాటం నేర్చుకుంది.

1961లోనే ఎంఆర్‌ఎన్‌ఏ గురించి లోకానికి తెలిసింది. 1990లో అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని ఎలుక కండరంలోకి నేరుగా ఎక్కించి చూస్తే కొద్దిగా ప్రోటీన్ తయారైంది. మరి టీకా రావడానికి 2020 దాకా ఎందుకు పట్టింది? రెండు అడ్డంకులు. మొదటిది, బయటి నుంచి వచ్చిన చీటీని చూసి ఒళ్లు శత్రువనుకుని మంటలేపేది. 2005లో కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ చీటీలో ఒక అక్షరం రూపం కొంచెం మార్చితే ఒళ్లు ఊరుకుంటుందని కనిపెట్టారు. దానికే 2023లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆవిడ ఎన్నో ఏళ్లు గ్రాంట్లు రాక, హోదా తగ్గించినా ఆ పని వదల్లేదు. ఇక్కడున్న ఆడపిల్లలు ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

రెండో అడ్డంకి మోసేవాళ్లు లేకపోవడం. ఎంఆర్‌ఎన్‌ఏ మహా సున్నితం. మన చేతి చెమటలో ఉండే ఎంజైమ్ తగిలినా ముక్కలైపోతుంది. రక్తంలో వదిలితే నిమిషాల్లో మాయం. పైగా దాని మీద రుణావేశం, కణం పొర మీద కూడా రుణావేశం. రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. కాబట్టి చీటీని పొట్లం కట్టాలి. ఆ పొట్లాన్ని నానోపార్టికల్ అంటారు. తెలుగులో నానో కణం అని రాస్తున్నారు గానీ, కణం అంటే సెల్ అని కూడా అర్థం కాబట్టి నేను రేణువు అంటాను. సైజు సుమారు వంద నానోమీటర్లు. తల వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు.

ఇక పొట్లాల్లో రకాలు చూద్దాం.

మొదటిది కొవ్వు పొట్లం. లిపిడ్ నానోపార్టికల్ అంటారు. ఇందులో నాలుగు దినుసులు. ఒకటి ప్రత్యేకంగా తయారుచేసిన లిపిడ్, దాదాపు సగం అదే. రెండోది డాక్టర్లు తగ్గించుకోమనే కొలెస్ట్రాలే. మూడోది మన కణాల పొరల్లో ఉండే ఫాస్ఫోలిపిడ్. నాలుగోది పెగ్ అనే తోక ఉన్న లిపిడ్, చాలా కొద్దిగా, పోపులో ఇంగువ అంత. లిపిడ్లను ఆల్కహాల్లో, ఎంఆర్‌ఎన్‌ఏను పుల్లటి నీళ్లలో కలిపి, రెండింటినీ సన్నని గొట్టంలో వేగంగా ఢీ కొట్టిస్తే రేణువులు వాటంతటవే కట్టుకుంటాయి.

అసలు తెలివి ఆ మొదటి లిపిడ్‌లో ఉంది. పులుపు తగిలితే దానికి ధనావేశం వస్తుంది, లేకపోతే ఏ ఆవేశమూ లేకుండా మర్యాదగా ఉంటుంది. తయారయ్యేటప్పుడు పులుపులో చీటీని గట్టిగా పట్టుకుంటుంది. రక్తంలో సాధువులా వెళుతుంది. కణం దాన్ని మింగి ఎండోసోమ్ అనే సంచిలో వేసుకుంటుంది. ఆ సంచి లోపల మెల్లగా పులుపెక్కుతుంది. అప్పుడు లిపిడ్ మళ్లీ మేలుకుని సంచి గోడను చీల్చి చీటీని బయటికి తోస్తుంది. వినడానికి బాగుంది గానీ నిజం చెప్పాలి. లోపలికి వెళ్లిన సరుకులో ఇలా బయటపడేది నూటికి కొద్ది పాళ్లు మాత్రమే. మిగతాదంతా సంచిలోనే కుళ్లిపోతుంది. ప్రపంచంలో అత్యుత్తమం అనుకునే పొట్లం పరిస్థితి ఇది. నా లాంటి వాళ్ల ఉద్యోగాలు ఇంకా ఉన్నది అందుకే.

దీనికి ఇంకో గుణం ఉంది. రక్తంలోకి ఎక్కిస్తే ఎక్కువగా కాలేయానికే పోతుంది. రక్తంలో కొవ్వును మోసే అపోఈ అనే ప్రోటీన్ దీనికి అంటుకుని కాలేయం గుమ్మం దగ్గర దించేస్తుంది. కాలేయం జబ్బుకైతే అది వరం. ఈ రకం పొట్లంతో మొదటి మందు 2018లో అనుమతి పొందింది. అందులో ఉన్నది ఎంఆర్‌ఎన్‌ఏ కాదు, దాని బంధువు. కాలేయంలో ఒక చెడ్డ ప్రోటీన్ తయారవకుండా ఆపడమే దాని పని. 2025లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక పసిబిడ్డకు, ఆ బిడ్డ ఒక్కడి కోసమే, కాలేయంలో జన్యుదోషం సరిచేసే ఎంఆర్‌ఎన్‌ఏ మందును ఇలాంటి పొట్లంలోనే ఇచ్చారు. కానీ జబ్బు గుండెలోనో, మూలుగలోనో ఉంటే ఈ వరమే శాపం.

రెండో రకం పాలిమర్ పొట్లం. పాలిమర్ అంటే గొలుసు. ధనావేశం ఉన్న పొడవాటి గొలుసు చీటీకి చుట్టుకుని ఉండ కడుతుంది. చవక, తయారీ తేలిక. కోస్తాలో రొయ్యల పొట్టు నుంచి తీసే కైటోసాన్ కూడా ఈ కోవలోదే. దీనితో రెండు చిక్కులు. గట్టిగా పట్టుకునే గొలుసు లోపలికి వెళ్లాక చీటీని వదలదు. వదులుగా పట్టుకునేది దారిలోనే జార్చేస్తుంది. ఆవేశం ఎక్కువైతే కణాన్నే చంపుతుంది. ఒంట్లో కరిగిపోయే కొత్త పాలిమర్లు వస్తున్నాయి గానీ, ప్రతిసారీ ఒకే పొడవు గొలుసులు తయారుచేయడం అంత సులువు కాదు.

మూడోది నూనె బిందువు. పాలలో వెన్న తేలినట్టు నీళ్లలో అతి చిన్న నూనె బిందువులు. వాటి పైన ధనావేశం ఉన్న లిపిడ్. చీటీ లోపల కాదు, పైన అంటుకుంటుంది. బిందువులు వేరుగా, చీటీ వేరుగా తయారుచేసి, చివర్లో కలుపుకోవచ్చు. పుణెలోని జెన్నోవా సంస్థ ఈ దారిలోనే వెళ్లింది. 2022 జూన్‌లో అనుమతి పొందిన జెమ్‌కోవాక్ మన దేశంలో తయారైన మొదటి ఎంఆర్‌ఎన్‌ఏ టీకా. దాన్ని తేమ తీసేసి పొడిగా చేశారు కాబట్టి మామూలు ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల దగ్గర నిలవ ఉంటుంది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇవి కాక బంగారం, సిలికా లాంటి గట్టి రేణువులు ఉన్నాయి. ల్యాబులో బాగా పనిచేస్తాయి గానీ ఒంట్లో తొందరగా కరగవు. మన కణాలే ఒకదానికొకటి పంపుకునే ఎక్సోసోములు అనే సహజమైన పొట్లాలున్నాయి. ఒళ్లు వాటిని పరాయివనుకోదు. కానీ పెద్ద ఎత్తున తయారుచేయడం, వాటిలో అంత పొడుగు చీటీని కుక్కడం కష్టం.

మన హైదరాబాదు కూడా ఈ పనిలో వెనకబడి లేదు. తార్నాకలోని ఐఐసీటీలో ధనావేశ లిపిడ్ల మీద చాలా ఏళ్లుగా పరిశోధన జరిగింది. పక్కనే హబ్సిగూడలోని సీసీఎంబీ 2022 మేలో సొంత ఎంఆర్‌ఎన్‌ఏ టీకా పరిజ్ఞానాన్ని ఎలుకల్లో పరీక్షించి ప్రకటించింది. వాళ్లు వాడింది కొవ్వు పొట్లమే. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంఆర్‌ఎన్‌ఏ పరిజ్ఞానం అందుకోవడానికి హైదరాబాదులోని బయలాజికల్ ఈ సంస్థను ఎంపిక చేసింది. మన పిల్లల్లో ఎవరైనా ఈ చదువు చదవాలంటే సముద్రాలు దాటనక్కర్లేదు. సూపర్ లగ్జరీ బస్సు చాలు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. మా మాస్టారు వింటున్నారు కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగు రకాల పొట్లాలను పోల్చే పని నాకు అప్పగించారు. గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద నాలుగూ వేసి, ఏది ఎక్కువ ప్రోటీన్ చేయిస్తుందో కొలిచాను. ఒక పాలిమర్ మిగతా మూడింటినీ చిత్తుగా ఓడించింది. పెద్ద రిపోర్టు రాశాను, రంగు రంగుల గ్రాఫులతో. నా మాట మీద ఏడాది పాటు అందరం దాని మీదే పనిచేశాం. తర్వాత ఎలుకల్లోకి ఎక్కిస్తే రక్తంలో ప్రోటీన్లు అంటుకుని గడ్డలు కట్టి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుపోయింది. నేను పళ్లెంలో రక్తరసం కలపకుండా పరీక్ష చేశాను. అంటే బల్ల మీద సీసాను చూసి ఇదే మంచిది అన్నాను. కిన్నెరసాని దాటించలేదు.

ఆ రోజు నుంచి ఏ పొట్లాన్ని పోల్చినా అయిదు ప్రశ్నలు వేసుకుంటాను. దారిలో సరుకును కాపాడుతుందా? చేరాల్సిన చోటికే చేరుతుందా? చేరాక చేయి వదులుతుందా? మళ్లీ మళ్లీ ఇచ్చినా ఒళ్లు ఓర్చుకుంటుందా? పెగ్ తోక మీద కొందరి ఒంట్లో యాంటీబాడీలు పుడుతున్నాయి కాబట్టి ఈ ప్రశ్న ముఖ్యం. అయిదోది, వెయ్యిసార్లు తయారుచేసినా ఒకేలా వస్తుందా, ఖర్చు భరించగలమా?

అయిదూ చాలనుకున్నాను. ఆరో ప్రశ్న మా అక్క వేసింది.

మా చిన్నక్క ఏఎన్‌ఎం. గోదావరి అవతల ఊళ్లలో తిరుగుతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన సంగతి మీరెవరూ మర్చిపోరు. 1986 తర్వాత అంత నీరు చూడలేదు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, కరెంటు లేదు. నీరు తగ్గాక ఇంటికి వచ్చాను. అక్క వరండాలో నీలం రంగు టీకా డబ్బా కడిగి ఆరబెడుతోంది. నాలుగు ఐసుప్యాకులు పట్టే డబ్బా, ఊరూరా భుజాన వేసుకుని తిరిగేది. నేను గొప్పగా మా ఎంఆర్‌ఎన్‌ఏ గురించి చెప్పడం మొదలుపెట్టాను. అంతా విని, "బానే ఉంది రా తమ్ముడూ. మీ మందుకి ఎన్ని ఐసుప్యాకులు కావాలి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అమెరికాలో మొదట వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో ఒకదాన్ని మైనస్ 70 డిగ్రీల దగ్గర, రెండోదాన్ని మైనస్ 20 దగ్గర నిలవ చేయాల్సి ఉండేది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలు ఉండే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీలది. అక్క భుజాన ఉన్న డబ్బాలో ఐసు కరిగిపోతే అదీ ఉండదు. కోవిడ్ కాలంలో మన ఏజెన్సీ ఊళ్లకు చేరినవి 2 నుంచి 8 డిగ్రీల టీకాలే. అవి గొప్పవా, ఇవి గొప్పవా అని టీవీల్లో వాదించుకున్నారు. మన ఊరికి వచ్చింది గొప్పది.

అప్పటి నుంచి నా పనిలో సగం ఆ ప్రశ్న మీదే. రేణువులకు చక్కెర కలిపి గడ్డకట్టించి, గాలి తీసేసిన పెట్టెలో మంచును ఆవిరిగా లాగేస్తే పొడి మిగులుతుంది. కొవ్వు పొట్లం ఈ ఆరబెట్టడంలో పగిలిపోవచ్చు, ఒకదానికొకటి అంటుకోవచ్చు. ఎంత చక్కెర, ఏ చక్కెర, ఎంత నెమ్మదిగా అన్నది చూసుకోవాలి. అంత ఆకర్షణీయమైన పని కాదు. కాన్ఫరెన్సుల్లో దీనికి చప్పట్లు తక్కువ. అక్క మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "ఎంత దాకా వచ్చింది?" అని అడుగుతుంది.

మన ప్రాంతానికి దీంతో ఇంకో పని ఉంది. సికిల్ సెల్ రక్తహీనత. మన కోయ కుటుంబాల్లో, మన తరగతి గదుల్లో ఆ నొప్పులతో బడి మానేసిన వాళ్లు ఉన్నారు. మా బ్యాచ్‌లోనూ ఒకడు ఉండేవాడు. కాళ్లు నొప్పులంటే బద్ధకం అనుకున్నాం. ఈ రోజు ఇక్కడ లేడు. 2023లో ఈ జబ్బుకు జన్యువును సరిచేసే చికిత్సకు బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. రోగి మూలకణాలను బయటికి తీసి సరిచేసి తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు, అంటే మన లెక్కలో పద్దెనిమిది కోట్ల పైమాటే. పైగా బలమైన కీమోథెరపీ, నెలల తరబడి ఆసుపత్రి. అదే పనిని ఒక ఇంజెక్షన్‌తో, మూలుగను వెతుక్కుంటూ వెళ్లే కొవ్వు పొట్లంతో చేయవచ్చా అని చూస్తున్నారు. 2023లో ఎలుకల్లో అలాంటి పొట్లం మూలుగలోని మూలకణాలను చేరింది. మనుషులకు ఇంకా దూరం. రేపే వస్తుందని నేను చెప్పను. కానీ రావాల్సింది ఆ దారినే అని నా నమ్మకం. ఈలోగా రక్తపరీక్ష ఉంది, మాత్రలు ఉన్నాయి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద పరీక్షలు చేస్తున్నారు. మన సంఘం చేయాల్సింది పిల్లలను ఆ పరీక్ష దాకా తీసుకెళ్లడం.

చివరగా కాస్త ఇబ్బందికరమైన మాట. ఉపాధ్యాయులు పెద్ద మనసుతో వినాలి. 2009లో మన ఖమ్మం జిల్లాలో భద్రాచలం సహా మూడు మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. ఆ తర్వాత కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకూ టీకాకూ సంబంధం కనిపించలేదని విచారణలో తేలింది. ఆ టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతున్నారు. కానీ చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల సంతకాలు లేవు. హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ తీరును గట్టిగా తప్పుపట్టింది.

ఈ సంగతి ఎందుకు తెచ్చానంటే, కోవిడ్ టీకా వేయడానికి వెళ్లినప్పుడు మా అక్కను కొన్ని ఇళ్ల ముందు నిలబెట్టి అడిగిన ప్రశ్న ఇదే: "అప్పుడు మమ్మల్ని అడిగారా?" డబ్బాలో ఐసు కరగలేదు. టీకా బాగానే ఉంది. అయినా గుమ్మం దాటలేదు. అక్క మూడుసార్లు తిరిగి, కోయలో మాట్లాడే ఆశా కార్యకర్తను వెంటపెట్టుకుని, కూర్చుని, అడిగినదానికల్లా జవాబు చెప్పింది. నాలుగోసారి కొందరు వేయించుకున్నారు. కొందరు వేయించుకోలేదు. అది వాళ్ల హక్కు.

నేను కట్టే పొట్లం వంద నానోమీటర్లది. అది రేపు మూలుగకే చేరనీయండి, ఎండలోనే నిలవనీయండి, ఆ గుమ్మం దాటించేది మాత్రం అది కాదు. ఆ పని ఏఎన్‌ఎంది, ఆశా కార్యకర్తది, బడిలో పాఠం చెప్పే మీది. ఎంఆర్‌ఎన్‌ఏ అంటే ఏమిటో తొమ్మిదో తరగతిలో తేనె డొప్పతో చెప్పగలిగిన మాస్టారు ఉన్న ఊళ్లో, తల్లిదండ్రులు భయంతోనో మొహమాటంతోనో కాకుండా అర్థమై సంతకం పెడతారు. అర్థమయ్యే కాదనగలుగుతారు కూడా.

సంఘానికి నా వంతు రెండు మాటలు ఇస్తున్నాను. ఈ ఏడాది నుంచి మన బడి పిల్లలు పదిమందిని, సగం మంది ఆడపిల్లలు ఉండేలా, నా ఖర్చుతో హైదరాబాదు తీసుకెళ్లి ల్యాబులు చూపిస్తాను. సికిల్ సెల్ పరీక్ష గురించి తెలుగులోనూ కోయలోనూ ఒక చిన్న కరపత్రం తయారుచేద్దాం. రాసేది నేను. కోయలో సరిదిద్దేది మన పూర్వ విద్యార్థులే. తల్లిదండ్రులను కూర్చోబెట్టి చదివి వినిపించాకే పిల్లల పేర్లు రాసుకుందాం.

మాస్టారూ, ఆ రోజు మీ మూడు గిన్నెల్లో తేనె పాఠం అయ్యాక మేమే నాకేశాం. సీసాలోది మాత్రం అడుగున మిగిలిపోయింది, వేలు అందలేదు. సరుకు వదలని పొట్లం అంటే ఏమిటో అప్పుడే నేర్పారు. ముప్పై ఏళ్లకు అర్థమైంది.